గొట్టం మీది ఊరిపేరు

మాధవాయిపాలెం రేవులో పంటు కదిలేసరికి ఉదయం ఏడున్నర దాటింది. ముందు వరసలో మోటారు సైకిళ్లు, వాటి వెనక కొబ్బరికాయల వ్యాను, ఓ మూల రొయ్యల ఐసు పెట్టెలు, కమ్మీల దగ్గర అంతర్వేది మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరిన కొత్త దంపతులు. కింద వశిష్ఠ నిండుగా, చప్పుడు లేకుండా సాగుతోంది. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి.

నా సంచిలో ఓ భూతద్దం, చిన్న టార్చిలైటు, కొలబద్ద, నరసాపురం బజారులో కొన్న అర మీటరు తెల్లటి నూలు గుడ్డ ఉన్నాయి. ఆ గుడ్డకీ ఈ రేవుకీ చుట్టరికం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. మాధవాయిపాలెం అనడానికి నోరు తిరగక 'మడపోలం' అని రాసుకున్నారు. ఈ చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన మెత్తటి తెల్లబట్ట ఆ పేరుతోనే ఓడలెక్కింది. ఇవాళ్టికీ ఐరోపా నిఘంటువుల్లో మడపోలం అంటే ఒక రకం తెల్లని నూలుబట్టే. స్థావరం పోయింది, ఓడలు కట్టిన చోట ఇప్పుడు పంటు ఆగుతోంది, ఊరిపేరు మాత్రం ఎక్కడో పరాయి దేశంలో బట్టల కొట్లో వినిపిస్తోంది. నేను ఆ రోజు వెళ్తున్నదీ ఇలాంటి పని మీదే. ఒక పాత తుపాకీ గొట్టం మీద ఏ ఊరి పేరు ఉందో చదవాలి.

కాలేజీలో పాఠాలు చెబుతూ చాలా ఏళ్లు ఎన్‌సీసీ చూశాను. పాయింట్ టూ టూ రైఫిల్ అనగానే ఇసక బస్తాల మీద బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టిన పిల్లలు నా కళ్ల ముందుకొస్తారు. అలాంటి ఒక పిల్లవాడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఫోన్ చేశాడు. "మాస్టారూ, మా నాన్నగారి దగ్గర మా తాతగారి కాలంనాటి తుపాకీ ఉంది. జర్మన్ మౌజర్ అంటారు. అదేమిటో, ఎంత చేస్తుందో ఒక్కసారి చూసిపెట్టండి. మా అమ్మాయి రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది కదా, దానికి ఇవ్వాలని నాన్నగారి కోరిక." పాత రైఫిల్ అంటే నాకు పాత ఉత్తరం లాంటిది. వెంటనే బయల్దేరాను.

ముందు స్వామి దర్శనం చేసుకున్నాను. అంతర్వేది లక్ష్మీనరసింహుడు పడమటి ముఖంగా ఉంటాడు. ఇప్పుడు మనం చూసే గుడిని ఓడల వ్యాపారి కొపనాతి కృష్ణమ్మ కట్టించాడు, 1823లో పూర్తయింది. సముద్రం మీద సంపాదించినది సముద్రపు ఒడ్డునే పెట్టిన మనిషి. ఇక్కడి స్థలపురాణంలో రక్తవిలోచనుడి కథ ఉంది. వాడి నెత్తురు బొట్టు నేల మీద పడితే ఎన్ని ఇసక రేణువులు తడుస్తాయో అంతమంది రాక్షసులు పుట్టుకొచ్చే వరం. చివరికి వాణ్ని సంహరించాక స్వామి తన చక్రాన్ని రక్తకుల్యలో కడుక్కున్నాడని చెబుతారు. ఎన్నోసార్లు విన్న కథే. ఆ రోజు మాత్రం ఆయుధాన్ని కడగడం దగ్గర మనసు ఆగిపోయింది. తుపాకీని దాచేవాడు మొదట నేర్చుకోవలసిన విద్య కడగడమే.

గుడి దగ్గర కొత్త రథం షెడ్డులో ఉంది. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి పాత టేకు రథం కాలిపోయింది. నెలల్లోనే కొత్తది చేయించారు, 2021 ఫిబ్రవరి ఉత్సవాలకి అది కదిలింది.

పెద్దాయన ఇల్లు అంతర్వేదికి కాస్త ఇవతల, కొబ్బరి తోటలో. సముద్రం కనపడదు కానీ దాని ఉప్పు మాత్రం ప్రతి గొళ్లెం మీదా, ప్రతి కిటికీ ఊచ మీదా కనపడుతుంది. ఆయనకి 84 ఏళ్లు. నడుం వంగలేదు. మజ్జిగ ఇప్పించి, తాళం తీసి, పాత దుప్పటిలో చుట్టిన రైఫిల్ని రెండు చేతులా తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్కనే లైసెన్సు పుస్తకం పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. లైసెన్సుదారు ఎదురుగా లేకుండా నేను ఎవరి తుపాకీనీ ముట్టుకోను.

"మా నాన్నగారు కలకత్తాలో కొన్నారండి. మౌజర్ అండి, ఆయ్. చెరువుల్లో పరజలు దిగే రోజుల్లో దీన్తోనే. వన్యప్రాణి చట్టం వచ్చింది చూశారూ, 72లో, అప్పట్నుంచీ ఒక్క తూటా పేల్చలేదండి. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్లో జమ చెయ్యడం, అయ్యాక తెచ్చుకోవడం, అంతే దీని ప్రయాణం."

మొదట బోల్టు వెనక్కి లాగి, తూటా గది ఖాళీయేనని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూసుకున్నాను. యాభై ఏళ్లు పేలని తుపాకీ అయినా సరే, ఈ పని మానకూడదు. ఆ తర్వాత టార్చి వేశాను.

గొట్టం పైన నల్లగా పేరుకున్న పాత నూనె. దాని కింద అక్షరాలున్నట్టు గుర్తులు. పెద్దాయన మనవడొకడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఎమ్రీ కాగితంతో రుద్ది మెరిపిస్తానన్నాడట. ఈయన ఒప్పుకోలేదట. ఆ మాట విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. పాత రైఫిల్‌ని చంపేది తుప్పు కన్నా ఎమ్రీ కాగితమే ఎక్కువ. తుప్పు ఏళ్ల తరబడి కొరికే అక్షరాన్ని ఎమ్రీ పది నిమిషాల్లో తినేస్తుంది. నల్లటి ఆ పాత పూత చెరిగి, అక్షరాల అంచులు మొద్దుబారి, గొట్టం స్టీలు గ్లాసులా తళతళలాడుతుంటే తెలిసినవాడెవడూ దాని వైపు చూడడు. ఆ సంగతి చెబితే ఆయన తలూపి, "కొత్త రథం బాగానే ఉంటుందండి. పాతదాన్ని లాగిన చేతులకి అది వేరే రథం" అన్నారు.

మడపోలం గుడ్డని చిన్న ముక్కలు చేసి, కొంచెం కుట్టు మిషను నూనెలో తడిపి, వేలితో మెల్లగా అద్దుతూ కూర్చున్నాను. పావుగంటకి మొదటి ముద్ర బయటపడింది. ఇంగ్లీషులోనే ఉంది: మేడ్ ఇన్ జర్మనీ. జర్మన్లు తమ తుపాకీ మీద ఇంగ్లీషులో ఎందుకు రాశారని పెద్దాయన అడిగారు. బ్రిటన్ 1887లో ఒక చట్టం చేసింది. పరాయి దేశపు సరుకు మీద ఆ దేశం పేరు కనపడాలి. జర్మన్ సరుకుని చులకన చేద్దామని పెట్టిన గుర్తు అది, చివరికి నాణ్యతకి గుర్తయి కూర్చుంది. అంటే ఈ రైఫిల్ సొంత దేశంలో అమ్మడానికి కాక బ్రిటిష్ సామ్రాజ్యపు బజారుకి చేసినది. ఆ ముద్ర ఒక్కటీ చాలదు. మన దేశంలో నాటు తుపాకుల మీద కూడా ఆ మాటలు చెక్కేవాళ్లున్నారు. వాటిలో అక్షరాలు వంకరపోతాయి, ఒక్కోసారి స్పెల్లింగే తప్పు. ఇక్కడ అక్షరాలన్నీ ఒకే లోతులో, ఒకే వరసలో కుదురుగా ఉన్నాయి.

తర్వాత కాలిబర్. 22 లాంగ్ అన్న మాట పక్కన 'ఫ్యూర్ బ్యుక్సెన్' అని జర్మన్ మాట. బ్యుక్సె అంటే వాళ్ల భాషలో రైఫిల్, డబ్బా అన్నా అదే మాట. మనం .22 లాంగ్ రైఫిల్ అనే తూటానే వాళ్లలా రాసుకున్నారు. 1887లో అమెరికాలో పుట్టిన తూటా అది. సీసపు గుండు బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు, వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. పిట్టల తుపాకీ అని తేలిగ్గా అనేస్తాం కానీ ఆ గుండు కిలోమీటరు దాటి పోగలదు. ఎన్‌సీసీ పిల్లలకి నేను మొదటి రోజు చెప్పిన మాట అదే.

కర్రని గొట్టానికి పట్టి ఉంచేది అడుగున ఒకే పెద్ద మర. దాని గాడి అంచులు చెదరలేదు, అంటే తగని స్క్రూడ్రైవరుతో ఎవరూ కెలకలేదు. అది విప్పి గొట్టాన్ని వేరు చేశాక, కర్ర కింద ఇన్నేళ్లూ వెలుగు చూడని చోట అసలు జాతకం కనపడింది. కిరీటం కింద 'బి', కిరీటం కింద 'యు', కిరీటం కింద 'జి', మరో కిరీటం కింద 'ఎన్'.

జర్మనీ 1891లో చట్టం చేసి, 1893 నుంచి ప్రతి తుపాకీనీ ప్రభుత్వ పరీక్షశాలలో పేల్చి చూశాకే అమ్మాలని పెట్టింది. 'బి' అంటే ఆ పరీక్షలో నెగ్గినట్టు. 'యు' అంటే తనిఖీ. 'జి' అంటే గొట్టం లోపల మెలికల గాళ్లున్న రైఫిల్ అని. 'ఎన్' అంటే పొగలేని మందుకి తట్టుకుంటుందని. 1918లో కైజరు కిరీటం పోయినా తుపాకుల మీద కిరీటం మాత్రం 1940 దాకా కొనసాగింది. ఆ ఏటి నుంచి దాని చోట డేగ వచ్చింది. కాబట్టి మన రైఫిల్ 1893కీ 1940కీ మధ్యది.

ఆ పక్కనే గుడ్డకి ఇంకా లొంగని ఒక మరక. దాన్ని తుడుస్తుంటే ముందు 'మేలిస్' అని, తర్వాత దాని ముందు 'జెల్లా' అని తేలాయి. జెల్లా-మేలిస్. ఆ రెండు మాటల మధ్య ఉన్న చిన్న గీత నాకు ఇరవై ఆరేళ్లు మిగిల్చింది. తురింగియా అడవి కొండల్లో జెల్లా సాంక్ట్ బ్లాసీ ఒక ఊరు, మేలిస్ ఇంకో ఊరు. రెండూ కలిసి ఒకే పట్టణమైంది 1919లో. అంతకు ముందరి తుపాకీ మీద ఆ జోడు పేరు ఉండే వీలు లేదు. చివరగా రెండు చిన్న అంకెల గుంపులు: 3, 31. ఆ రోజుల్లో చాలా వాటి మీద పరీక్ష జరిగిన నెల, సంవత్సరం అలా కొట్టేవారు. 1931 మార్చి. పెద్దాయన కన్నా ఈ రైఫిల్ పెద్దది.

ఇక తయారీదారు. గొట్టం మొదట్లో మూడక్షరాలు: జె, జి, ఎ. యూలియుస్ గోట్‌ఫ్రీట్ ఆన్‌షుట్జ్. 1856లో మేలిస్‌లో మొదలైన కార్ఖానా.

నేను చెప్పడం కొంచెం ఆపాను. ఆయన మొహం చూశాను.

"అయితే మౌజర్ కాదాండి?"

"కాదండి."

ఆయన లైసెన్సు పుస్తకం తెరిచి చూపించారు. 22 మౌజర్ అనే ఉంది. ఎప్పుడో ఎవరో అలా రాశారు, తర్వాతి పుస్తకాల్లో అదే ఎక్కుతూ వచ్చింది. రాసినవాణ్ని తప్పుపట్టలేను. మన దేశంలో మౌజర్ అన్నది ఒక కంపెనీ పేరుగా ఆగిపోలేదు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి ఓడలో వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లని, 46 వేల తూటాలని బెంగాలీ విప్లవకారులు తరలించుకుపోయారు. 1925లో కాకోరీ రైలు దగ్గరా మౌజర్లే. బోల్టు ఉన్న జర్మన్ తుపాకీ ఏదైనా జనం నోట్లో మౌజర్ అయిపోయింది. అసలు మౌజర్ల ఊరు ఓబెర్న్‌డార్ఫ్, జెల్లా-మేలిస్‌కి చాలా దూరం. ఆ కంపెనీ 1922లో పేరు మార్చుకుని మౌజర్ వెర్కె అయింది. అక్కడి .22 అయితే దాని పతాకపు ముద్ర గొట్టం మీద ఉండి తీరాలి. ఇక్కడ అలాంటిదేదీ లేదు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. నాన్నగారు చెప్పిన మాట అది. ఎనభై ఏళ్లుగా ఇంట్లో అదే పేరు. మౌజర్ని తీసేసి ఉత్త చేతులతో వెళ్లిపోవడం నాకిష్టం లేకపోయింది. అందుకని మిగతా కథ చెప్పాను. మొదటి యుద్ధం వచ్చాక జర్మన్ సరుకు మన రేవులకి ఆగిపోయింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ ఓడ మద్రాసు మీద గుళ్లు కురిపించిన సంగతి ఈ తీరంలో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. యుద్ధంలో ఓడిపోయిన జర్మనీకి లక్ష మంది సైన్యమే ఉండాలన్నారు, ఆయుధాల తయారీకి కట్టుబాట్లు పెట్టారు. ఆ కాలంలో కార్ఖానాలు చిన్న బోరు రైఫిళ్ల మీద పడ్డాయి. ఊరూరా షూటింగ్ క్లబ్బులు, పైగా ఎగుమతులు. ఈ ఒంటి తూటా రైఫిల్ అలా బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన సరుకు. పుట్టినప్పటి నుంచీ దీని పని గురి చూడటమే.

తర్వాత గొట్టం లోపలికి చూశాను. మీట నొక్కి పట్టి బోల్టు బయటికి తీసి, తెల్ల కాగితం వెనక పెట్టి వెలుగులోకి ఎత్తాను. ముందు వైపు గాళ్లు స్పష్టంగా, దారం పేనినట్టు తిరుగుతున్నాయి. తూటా గది నుంచి మూడంగుళాల దాకా మాత్రం మశూచి మచ్చల్లా గుంటలు. దీనికి సముద్రపు గాలి ఒక్కటే కారణం కాదు. పాత తూటాల్లో మందుని అంటించే నిప్పు మిశ్రమంలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది మండాక మిగిలేది ఒక ఉప్పు, మనం తినే ఉప్పుకి చిన్నాన్న కొడుకు. గాలిలో తేమని లాక్కుని ఇనుముని తింటుంది. నూనె రాస్తే అది పోదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకని ఆ కాలంలో తెలిసినవాళ్లు వేట నుంచి రాగానే వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించేవారు. పెద్దాయన నాన్నగారు కొబ్బరినూనె రాసేవారట. కోనసీమలో అంతకంటే చేతికందేది ఏముంది. కానీ కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, అడుగున ఉన్న ఉప్పుని మూతపెట్టినట్టు కప్పేస్తుంది. బోల్టు గాడిలో ఆ పాత నూనె మైనంలా దొరికింది. బోల్టు మీది చివరి అంకెలు గొట్టం మీది అంకెలతో కలిశాయి. అక్రోటు కర్ర, చీలిక లేదు. మడమ దగ్గర ఒక దెబ్బ, ఆయన చిన్నప్పుడు అరుగు మీంచి జారవిడిచిన గుర్తట. దాన్నీ బాగుచేయించవద్దన్నాను.

భోజనాలయ్యాక ధర మాట వచ్చింది. హైదరాబాదు నుంచి కొడుకు, మనవరాలు ఫోన్లో ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఐరోపాలో ఇలాంటి మామూలు ఒంటి తూటా రైఫిల్ వందల యూరోల్లోనే పోతుంది, అరుదైనది కాదు. అసలు మౌజర్ అయితే అక్కడ ఎక్కువ పలికేది. మన దేశంలో లెక్క వేరు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు, పేరున్న క్రీడాకారులకే మినహాయింపు. బెంగాల్లో ఇచ్ఛాపూర్ కార్ఖానా చేసే .22 ఉన్నా, పాత విదేశీ సరుకు ఎంత ఉందో అంతే. అందుకే ఇక్కడ అదే రైఫిల్‌కి అక్కడి ధర కన్నా ఎన్నో రెట్లు అడుగుతారు. కొనేవాడికి మాత్రం ఆ బోరుకి లైసెన్సు ఉండాలి. 2019 సవరణ తర్వాత ఒక్కొక్కరికి రెండు తుపాకులే, అంతకు ముందు మూడు ఉండేవి. వెల పెంచేది కొరత, తుంచేది కొనగలవాళ్ల సంఖ్య. ఆ లోపలి గుంటల వల్ల నేనయితే పోటీల్లో వాడే రైఫిల్ ధర దీనికి కట్టను. చెక్కుచెదరని ముద్రలు, కలిసిన నంబర్లు, ఎవరూ కెలకని మరలు, తొమ్మిది దశాబ్దాల ఒకే ఇంటి కథ, వీటికి కడతాను.

"పాతది కదా మాస్టారూ, యాంటిక్ అంటే లైసెన్సు అక్కర్లేదంటారు?" అని కొడుకు అడిగాడు. చాలామంది పొరపడేది ఇక్కడే. 1959 ఆయుధాల చట్టం వదిలిపెట్టేది మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక పేలలేని పాత ఆయుధాన్ని. ఇది పేలుతుంది, దీని తూటా ఇవాళ్టికీ దొరుకుతుంది. కాబట్టి పుస్తకం లేకపోతే ఈ రైఫిల్‌కి వెల సున్నా, పైగా కేసు. ఆ పుస్తకంలో మౌజర్ అన్న తప్పు దిద్దించడం ముందు పని. నంబరు సరిపోయింది కనక అది కుదిరే పనే. ముద్రల ఫోటోలు తీసి, గుర్తింపు పొందిన ఆయుధాల డీలరు దగ్గర తయారీదారు పేరు రాయించి, అర్జీ పెట్టాలి. ఆ తర్వాతే మనవరాలి సంగతి. 2016 నిబంధనల్లో వారసులకి ఇచ్చే దారి ఉంది. లైసెన్సుదారు చనిపోయాకే కానక్కర్లేదు, 70 ఏళ్లు నిండినా, తుపాకీ పాతికేళ్లు దగ్గరున్నా, బతికుండగానే వారసురాలి పేరు మీద లైసెన్సుకి దరఖాస్తు పెట్టొచ్చు. అమ్మాయికి 21 నిండాలి, నిండాయి.

ఫోన్లో ఆ అమ్మాయి గొంతు ఒక్కసారి పైకి లేచింది. "జె.జి. ఆన్‌షుట్జ్ అన్నారా? మా రేంజిలో అక్కావాళ్లు కాల్చేవన్నీ ఆన్‌షుట్జ్‌లే కదండీ!"

అవును, ఆ ఇల్లే. 1945లో జెల్లా-మేలిస్ ముందు అమెరికన్ సైన్యం చేతికి, తర్వాత సోవియట్ల చేతికి పోయింది. యంత్రాలు ఊడదీసుకుపోయారు. ఆ కుటుంబం పడమటి జర్మనీలో ఉల్మ్ చేరి, 1950లో కొద్దిమందితో మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రపంచంలో 50 మీటర్ల చిన్న బోరు పోటీ ఎక్కడ జరిగినా ఆ పేరు కనపడుతుంది. ఆ పోటీలో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌లో. ఆయన ఈ 50 మీటర్ల బరిలోనూ నిలబడ్డవాడే. అమ్మాయి అడిగింది, ఈ రైఫిల్‌తో అది సాధన చెయ్యొచ్చా అని. ఆ గుంటలు పడ్డ గొట్టంతో వద్దన్నాను. నిపుణుడు చూసి సరే అనేదాకా ఒక్క తూటా కూడా వద్దన్నాను. "అయితే నా దగ్గర ఉంటే చాలు" అంది.

సాయంత్రం పెద్దాయన తానే వస్తానని ఆటో ఎక్కారు. అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాం. ఒక పక్క వశిష్ఠ ఎర్రమట్టి రంగులో, ఒక పక్క సముద్రం నీలంగా, మధ్యలో ఇసక. దీపస్తంభం మీద ఇంకా వెలుగు రాలేదు. పొద్దున నేను రాసిచ్చిన కాగితం ఆయన జేబులో ఉంది. తీసి, కళ్లజోడు సవరించుకుని, కూడబలుక్కుంటూ చదివారు.

"జెల్లా... మేలిస్. ఆ ఊళ్లో ఏరుందాండి?"

"కొండల ఊరండి. వాగులే, ఏరు లేదు."

"మరి తర్వాత పోయిన ఊరు?"

"ఉల్మ్. అది డాన్యూబ్ నది ఒడ్డున."

"ఆయ్" అన్నారు, కాగితం మడత పెట్టుకుంటూ. "చివరికి ఏటిగట్టుకే చేరారన్నమాట."